అరవై మూడో రోజు

కిషన్‌పురల జిరాక్సు దుకాణం మీద
రేకుల గది.
పన్నెండు కంప్యూటర్లు, నడిచేటియి తొమ్మిది.
పొద్దంత ఎనుమాముల యార్డుల
తక్‌పట్టీలు రాసి వచ్చినదాన్ని,
కీబోర్డు మీద చెయ్యి పెడితే మిరప ఘాటు.
పక్క కుర్చీ పిలగాడు తుమ్మి
"అక్క వచ్చింది" అంటడు.

మొదటి వారం వీలుకప్.
ఈ పట్టీల పేరు ఆ పట్టీల దేవులాడి
పక్క గడిల ఉన్నది పట్టుకరావాలె.
మా గల్లీ పేర్లన్ని ఎక్కిచ్చి
అమ్మ పేరు కొట్టిన: సోమారపు యాకమ్మ.
లేదన్నది.
కండ్ల ముందట ఉన్నది, లేదంటది.
ఖలీల్ సారు వంగి ఎఫ్ టూ నొక్కిండు.
పేరు చివర్ల ఒక ఖాళీ,
నేనే కొట్టి మరిచిపోయిన స్పేసు.
"ట్రిమ్ పెట్టు బిడ్డా, దొరుకుతది."
గింత ఖాళీకి మనిషే లేకుంట పోతదా అని
చౌరస్తా దాక ఆటోల నవ్వుకుంట వచ్చిన.
ములుగు రోడ్డు కాడ నవ్వు ఆగింది.
పింఛను కోసం అమ్మ మూడేండ్లు తిరిగిన ఆఫీసుల
ఎవరు కొట్టి మరిచిన్లో.

పివట్ నాకు తొందరగనే వచ్చింది.
సీజన్ మొత్తం బోర్ల తిప్పి దులుపుడే.
తేజ ఎన్ని బస్తాలు, చపాట ఎన్ని,
గీసుగొండ ఎంత, నెక్కొండ ఎంత.
ఊర్లు పక్కకు పెట్టి తరుగు పైకి లాగితే
రెండెకరాలోని బస్తాకే ఎక్కువ తరుగు.
సేటుకు చూపిచ్చిన.
చాయ్ తాగుకుంట చూసిండు.
"మంచిగ నేర్చినవ్. గా కాలమ్ తీసెయ్."

నలభై ఒకటో రోజు రేటు ఫార్ములా.
అప్పటికి మా ఇంట్ల అదే నడుస్తున్నది.
కోర్సు ఫీజుకు అమ్మ ఓదెలు కాడ గిరిగిరి తెచ్చింది:
పదివేలు రాసి, వెయ్యి పట్టి,
తొమ్మిది చేతుల పెట్టిండు.
రోజుకు వంద, వంద రోజులు.
"పదికి ఒకటేనాయె" అనుకున్న నేను,
బీకాం చదివినదాన్ని.
వంద కిస్తులు. మైనస్ వంద. తొమ్మిది వేలు.
ఎంటర్.
మూడు వందల అరవై అయిదు పెట్టి గుణించిన.
డెబ్బై ఏడు పాయింట్ ఆరు.
మళ్ళ కొట్టిన. గదే.

బజ్జీల బండికి అమ్మ శెనగపిండి కలుపుతున్నది.
"అమ్మా, నూటికి ఆరున్నర మిత్తి పడ్డదే."
"ఎరుకే."
"ఎరుకై ఎట్ల తెచ్చినవ్?"
చెయ్యి ఆపలె.
"రాత్రి తొమ్మిదింటికి అడిగితె
తొమ్మిదిన్నరకు తెచ్చిండు.
కాయిదం అడగలె. షూరిటీ అడగలె.
బ్యాంకుల నన్ను కూసోమన్నోడే లేడు.
గా అరగంట ఏ గడిల ఉన్నదో చూడు."

చూసిన.
లేదు. ట్రిమ్‌కు దొరికే ఖాళీ కాదది.

బేస్తారం నక్కలగుట్టల ఇంటర్వ్యూ,
చిన్న వ్యాపారులకు అప్పులిచ్చే ఫైనాన్సు.
ఇఫ్ కడుపుల ఇఫ్ అడుగుతరంట.
రాత్రి బండి మీద ప్లేట్లు కడుక్కుంట కట్టుకున్న:
వాన పడితే బండి లేదు,
బండి లేకుంటే కిస్తీ లేదు,
కిస్తీ తప్పితే ఎర్ర రంగు,
పడకపోతే నూనె రేటు, నూనె తగ్గితే గ్యాసు…
బ్రాకెట్లు మూసుడు మరిచిపోతున్న
ప్రతిసారి ఒకటి తక్కువ.

ఇయ్యాల అమ్మ బండికే ఒక షీటు చేసిన.
పిండి, నూనె, రోజు గల్లా, ఓదెలు వంద.
చివరి కాలమ్‌కు ఏం పేరు పెట్టాల్నో తెలుస్తలేదు.
తీసెయ్యలె. ఉంచిన.

సేవ్ కొడుతుంటె బయట హారను,
రెండు సార్లు, మెల్లగ, గల్లీల ఇనపడకుంట.
వంద నోటు ఇచ్చిన.
పుస్తకం తియ్యకముందే అడిగిన,
నాకు తెలిసి కూడ:
"ఎన్నో రోజు?"
బండి దిగకుంటనే చెప్పిండు.
ఒక్క రోజు తేడా రాలె.